పడ్డవాళ్ళు చెడ్డవాళ్ళు కారు

మా మేనకోడలు ఇంటర్మీడియట్ రెండో సంవత్సరం చదువుతోంది. సైకిల్ పందాలంటే దానికి ప్రాణం. ఆ మధ్య ఒక సాయంత్రం ఫోన్ తెచ్చి నా చేతిలో పెట్టి "అత్తా, ఇది చూడు" అంది. నిమిషం కూడా లేని వీడియో. పోలండ్‌లోని కతోవిత్సె నగరం, 2020 ఆగస్టు 5, టూర్ ఆఫ్ పోలండ్ మొదటి రోజు పందెం ముగింపు. ఇద్దరు డచ్ యువకులు గంటకి 80 కిలోమీటర్ల వేగంతో పక్కపక్కనే దూసుకొస్తున్నారు. ముందున్న డైలాన్ గ్రూనెవేగన్ తన దారి వదిలి పక్కకి జరిగాడు. ఫాబియో యాకబ్సన్‌కి మిగిలిన కాస్త సందూ మూసుకుపోయింది. అతను పోయి బారికేడ్లకి కొట్టుకున్నాడు. బారికేడ్లు విడిపోయి గాలిలోకి లేచాయి. ఆ తర్వాత ఏమైందో చూడటానికి నాకు ధైర్యం చాలలేదు.

"ఆ పసుపు చొక్కా అతనిదే కదత్తా తప్పు?" అని అడిగింది.

"ఆ రోడ్డేమిటే, అంత వాలుగా ఉంది?" అన్నాను నేను.

"ఏమో, అక్కడెప్పుడూ అంతేనట" అంది.

ఆ "ఎప్పుడూ అంతేనట" అన్న మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. ఆడవాళ్ళ జీవితాల గురించి చదువుకునే, రాసే మనందరికీ ఎంత బాగా తెలిసిన మాట అది! అన్యాయం ఎక్కడ పాతుకుపోయి ఉంటుందో అక్కడ వినబడే మొదటి మాట అదే.

యూరప్‌లో డబ్బు కోసం సైకిల్ తొక్కే మగవాళ్ళు ఒకరినొకరు గుద్దుకుని పడితే స్త్రీల హక్కుల పత్రికకి అందులో పనేమిటి అని కొందరు మిత్రులు అడగవచ్చు. పని ఉంది. మొదటి సంగతి, ఇది పనిచేసే చోట పనివాళ్ళ శరీరాలకి తగిలే గాయం. ఆట అన్నంత మాత్రాన పని కాకుండా పోదు. రెండో సంగతి, 'ప్రమాదం' అనే మాట వెనక ఎవరెవరు దాక్కుంటారన్న ప్రశ్న మన ఉద్యమానికి కొత్తది కాదు. 'స్టవ్ పేలి గృహిణి మృతి' అని పేపర్లో రెండు లైన్ల వార్త వచ్చినప్పుడల్లా, ఆ స్టవ్ ఎప్పుడూ కోడలి చేతిలోనే ఎందుకు పేలుతుందని అడిగినవాళ్ళం మనం. మూడో సంగతి, ఇప్పుడు ఆ రోడ్ల మీద ఆడవాళ్ళు కూడా ఉన్నారు. సమానత్వం పేరుతో మనం దేనిలో వాటా అడుగుతున్నామో ఒకసారి నిలబడి చూసుకోవాల్సిన అవసరం ఉంది.

స్ప్రింట్ ఎలా తయారవుతుంది?

ఈ పందాలు తెలియని పాఠకుల కోసం కొంచెం చెప్పాలి. రోడ్డు మీద సైకిల్ పందెం రోజుకి 150 నుంచి 200 కిలోమీటర్లు సాగుతుంది. 150 మందికి పైగా ఒకే గుంపుగా వెళతారు. కారణం గాలి. ముందున్నవాడు గాలిని చీల్చుకుంటూ పోతుంటే వెనక నక్కి వచ్చేవాడికి దాదాపు మూడో వంతు శ్రమ తగ్గుతుంది. అందుకని బల్లపరుపుగా ఉన్న దారుల్లో చివరిదాకా ఎవరూ విడివడరు. అంతా కలిసే ముగింపు దాకా వస్తారు. అక్కడ ఒక్కొక్క జట్టు మనుషులు వరసగా రైలుపెట్టెల్లా నిలబడి తమ స్ప్రింటర్ కోసం గాలిని చీలుస్తూ, ఓపిక అయిపోయినవాడు అయిపోయినట్టు పక్కకి తప్పుకుంటూ ఉంటారు. ఆఖరి రెండు వందల మీటర్లలో స్ప్రింటర్ ఒక్కడే వాళ్ళ వెనక నుంచి బయటికి దూకుతాడు. చదును రోడ్డు మీద కూడా ఆ వేగం గంటకి 60, 70 కిలోమీటర్లు ఉంటుంది. ఒంటిమీద పల్చటి బట్ట, తలమీద హెల్మెట్. ఆ హెల్మెట్ కూడా 2003లో పారిస్-నీస్ పందెంలో ఆంద్రేయ్ కివిలెవ్ అనే కజక్ యువకుడు పడి చనిపోయాకే తప్పనిసరి అయింది.

దీనికి తోడు మరో చిక్కు ఉంది. వారాల తరబడి సాగే పోటీల్లో మొత్తం సమయం లెక్కకట్టి విజేతని నిర్ణయిస్తారు. ముగింపు దగ్గర గుంపు తెగి ఖాళీ ఏర్పడితే వెనకబడినవాళ్ళు సెకన్లు పోగొట్టుకుంటారు. అందుకని ఆ రోజు గెలుపుతో ఏ సంబంధమూ లేనివాళ్ళు కూడా చచ్చినట్టు ముందుకి తోసుకురావాలి. ఆరుగురు పట్టే రోడ్డులో అరవై మంది ముందు ఉండాలని చూస్తే ఏమవుతుందో చెప్పడానికి పిహెచ్.డి. అవసరం లేదు.

ఇక ఆ రోడ్డుని ఎవరు ఎంచుకుంటారు? పందెం నిర్వాహకులు. ముగింపు తమ ఊళ్ళో ఉండాలని పట్టణాలు నిర్వాహకులకి డబ్బు చెల్లిస్తాయి. డబ్బిచ్చిన ఊరు, పందెం ఊరి బయట వెడల్పాటి రహదారి మీద కాకుండా నడిబొడ్డున, చర్చి ముందు, షాపుల ముందు ముగియాలని కోరుకుంటుంది. వచ్చేదారిలో రౌండ్‌అబౌట్లు, ఇరుకు మలుపులు, రోడ్డు మధ్య డివైడర్లు ఉంటాయి. బారికేడ్ల నిండా ప్రకటనలు ఉంటాయి. స్పాన్సర్లకి కావలసింది ముగింపు గీత దగ్గర చేతులెత్తిన ఒక శరీరం, దాని గుండెల మీద తమ కంపెనీ పేరు కనబడే ఒక ఫొటో. ఆ ఒక్క ఫొటో కోసం ఇంత ఏర్పాటు.

నేరం ఒకరిది, రోడ్డు ఎవరిదీ కాదు

కతోవిత్సె ముగింపు వాలు రోడ్డు మీద ఉంది. ఏళ్ళ తరబడి అదే చోట ముగిస్తూ వచ్చారు. అది ప్రమాదకరమని సైకిలిస్టులు అంతకు ముందే మొత్తుకున్నారు. ఆ రోజు యాకబ్సన్ ముఖం ఛిద్రమైంది. పళ్ళు దాదాపు అన్నీ పోయాయి. అక్కడ నిలబడి ఉన్న ఒక అధికారి కూడా గాయపడ్డాడు. డాక్టర్లు యాకబ్సన్‌ని మందులతో రెండు రోజులు కోమాలో ఉంచారు. ఈలోగా గ్రూనెవేగన్‌ని అనర్హుడిగా ప్రకటించి మొదటి స్థానం యాకబ్సన్‌కి ఇచ్చారు. ఒళ్ళు తెలియకుండా పడివున్న మనిషి విజేత అయ్యాడు!

అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య, అంటే యు.సి.ఐ., వెంటనే గ్రూనెవేగన్ ప్రవర్తనని ఖండించింది. విచారణ తర్వాత అతన్ని 2021 మే 7 వరకు, మొత్తం తొమ్మిది నెలలు, పోటీల నుంచి బహిష్కరించింది. యాకబ్సన్ జట్టు యజమాని పాట్రిక్ లెఫెవెర్ అతన్ని జైల్లో పెట్టాలన్నాడు. అతనికి బెదిరింపులు వచ్చాయి.

ఇక్కడ అపార్థానికి తావు లేకుండా ఒక మాట. గ్రూనెవేగన్ తప్పు చేయలేదని నేననడం లేదు. స్ప్రింట్ మొదలుపెట్టాక ఎంచుకున్న దారి వదిలి పక్కవాళ్ళకి ప్రమాదం తేకూడదన్న నియమం స్పష్టంగా ఉంది. అతను దాన్ని ఉల్లంఘించాడు, ఒప్పుకున్నాడు కూడా. నేనడిగేది వేరు. పక్కకి జరిగినవాడికి తొమ్మిది నెలల శిక్ష వేశారు సరే, వాలులో గీత గీసినవాడి పేరు ఎవరికైనా తెలుసా? మనిషి తగిలితే పెట్టెముక్కల్లా విడిపోయే బారికేడ్లని అక్కడ నిలబెట్టినవాడు ఏమయ్యాడు? ఏళ్ళ తరబడి ఆ ముగింపుకి అనుమతిస్తూ వచ్చిన సమాఖ్య, తీర్పు చెప్పే కుర్చీలో ఎలా కూర్చుంది?

మనకి ఈ పద్ధతి పరిచయమే. ఫ్యాక్టరీలో చెయ్యి తెగితే కార్మికురాలి అజాగ్రత్త. ఆఫీసులో వేధిస్తే ఒకానొక మగవాడి వెకిలితనం. పనిచేయించుకునేవాళ్ళకి దానితో నిమిత్తం లేదు. 1997లో విశాఖ కేసు తీర్పులో సుప్రీంకోర్టు చేసిన ముఖ్యమైన పని ఏమిటి? వేధించినవాడిని శిక్షించమనడంతో సరిపెట్టకుండా, వేధింపు లేని పనిస్థలాన్ని తయారుచేయడం యాజమాన్యం బాధ్యత అని చెప్పింది. ఆ ఒక్క అడుగు వేయడానికి ఎందరు ఆడవాళ్ళు ఎన్నేళ్ళు కష్టపడ్డారో మనకు తెలుసు. కోట్ల డబ్బు తిరిగే సైకిల్ పందాల లోకం ఆ అడుగు వేయడానికి ఇప్పటికీ తటపటాయిస్తోంది.

కోకాకోలా డబ్బా, పోలీసు కెమెరా, ఒక అట్టముక్క

కతోవిత్సె మొదటిది కాదు. 1991 జూలై 28న పారిస్‌లో టూర్ ద ఫ్రాన్స్ చివరి రోజు. ఉజ్బెక్ స్ప్రింటర్ జమాలుద్దీన్ అబ్దుజపరోవ్ తల వంచుకుని తొక్కుతూ రోడ్డు అంచున ప్రకటన కోసం నిలబెట్టిన పెద్ద కోకాకోలా డబ్బాకి కొట్టుకుని గాలిలోకి ఎగిరి పడ్డాడు. అతను గెలుచుకున్న ఆకుపచ్చ జెర్సీ దక్కాలంటే గీత దాటాలి. కాలర్ బోన్ విరిగిన మనిషిని లేపి నిలబెట్టి గీత దాటించారు. సరిగ్గా నాలుగు రోజుల ముందే, జూలై 24న, మన దేశంలో కొత్త ఆర్థిక విధానాల బడ్జెట్ పెట్టారు. మార్కెట్ వస్తే అందరికీ మేలు జరుగుతుందని మనకి చెబుతున్న ఆ వారంలోనే, మార్కెట్ తన డబ్బాని ఎక్కడ నిలబెడుతుందో పారిస్ వీధిలో కనబడింది. ఆ దృశ్యాన్ని ఇప్పటికీ 'అబ్దుజపరోవ్ దుందుడుకుతనం' కింద చెప్పుకుంటారు. డబ్బా దుందుడుకుతనం గురించి ఎవరూ మాట్లాడరు.

1994 జూలైలో అదే పందెం, ఆర్మాంతియేర్ పట్టణం. ముగింపు దగ్గర కాపలా ఉన్న పోలీసు ఫొటో తీయడానికి రోడ్డు మీదికి వచ్చాడు. విల్‌ఫ్రీడ్ నెలిసెన్ నేరుగా అతనికి గుద్దుకున్నాడు. లోరాన్ జలబేర్ పళ్ళూ దవడా పగిలాయి. రక్షణ కోసం నిలబెట్టిన మనిషే ప్రమాదమయ్యాడు. ఇది కూడా మనకి తెలియని కథేమీ కాదు.

ఇక 2021 టూర్ ద ఫ్రాన్స్‌లో మూడు రోజుల వ్యవధిలో జరిగిన రెండు సంఘటనలు పక్కపక్కన పెట్టి చూడండి. జూన్ 26న, ముగింపుకి ఇంకా చాలా దూరం ఉండగా, రోడ్డు పక్కన ఒక ప్రేక్షకురాలు తాతయ్యనీ అమ్మమ్మనీ పలకరిస్తూ రాసిన అట్టముక్క పట్టుకుని టీవీ కెమెరా వైపు తిరిగింది. ఒక సైకిలిస్టు దానికి తగిలి పడ్డాడు. వెనక డజన్ల మంది పడ్డారు. అదీ తెలివితక్కువ పనే. కానీ ఆ తర్వాత జరిగింది చూడండి. ఆమె కోసం పోలీసులు వెతికారు. ప్రపంచమంతా ఆమెని తిట్టింది. నిర్వాహక సంస్థ కేసు పెడతానని ప్రకటించి, తర్వాత వెనక్కి తగ్గింది. డిసెంబరులో బ్రెస్ట్ కోర్టు ఆమెకి 1,200 యూరోల జరిమానా వేసింది.

రెండు రోజుల తర్వాత, జూన్ 28న, పాంటివీ ముగింపు. ఇరుకు రోడ్లు, మెలికలు, దిగుడు. పందెం చివరి కిలోమీటర్లలో వరసగా పడ్డారు. జాక్ హేగ్ పోటీ నుంచే తప్పుకున్నాడు. ఆఖరి మీటర్లలో కేలబ్ యూవన్ పడి కాలర్ బోన్ విరగ్గొట్టుకున్నాడు, పీటర్ సగాన్‌నీ తనతో పడేశాడు. మొత్తం సమయం లెక్కని ముగింపుకి ఇంకొంచెం ముందే తీసుకోండి, స్ప్రింటర్లు కానివాళ్ళు వెనక్కి తగ్గి పోతారు అని సైకిలిస్టులు అడిగినా ఒప్పుకోలేదు. మర్నాడు వాళ్ళు పందెం మొదలవగానే సైకిళ్ళు ఆపి నిలబడ్డారు, తర్వాత కొన్ని కిలోమీటర్లు నెమ్మదిగా తొక్కారు. మన భాషలో దానిపేరు సమ్మె. పాంటివీ రోడ్డు ఎంచుకున్నవాళ్ళ కోసం ఏ పోలీసూ వెతకలేదు. అట్టముక్క పట్టుకున్న ఆడమనిషి దొరికితే లోకానికి ఎంత సుఖం! వ్యవస్థ మొత్తం కడిగిన ముత్యంలా బయటపడుతుంది.

సమానత్వం, దేనితో?

ఇప్పుడు మన అసలు ప్రశ్నకి వద్దాం. ఆడవాళ్ళని ఈ రోడ్ల మీదికి రానివ్వడానికి లోకం చాలా కాలం తీసుకుంది. ఒలింపిక్స్‌లో స్త్రీల రోడ్డు సైక్లింగ్ పందెం మొదటిసారి పెట్టింది 1984లో. లాస్ ఏంజెలెస్‌లో జరిగిన ఆ మొదటి పందెమే స్ప్రింట్‌తో తేలింది. కానీ కార్పెంటర్ ఆఖరి క్షణంలో సైకిల్‌ని ముందుకి తోసి రెబెకా ట్విగ్‌ని చక్రం తేడాతో ఓడించింది. అదే ఏడాది స్త్రీల టూర్ ద ఫ్రాన్స్ మొదలై, 1989తో ఆగిపోయింది. అదే నిర్వాహకులు మళ్ళీ స్త్రీలకి అన్ని రోజుల టూర్ పెట్టడానికి 2022 దాకా ఆగాల్సి వచ్చింది. ఆ ఏడాది జూలై 24న షాంజెలిజే మీద మొదటి రోజు స్ప్రింట్‌ని లోరెనా వీబెస్ గెలిచింది. ఆ వీడియో కూడా మా మేనకోడలు చూపించింది. ఆ వేగం, ఆ బలం, ఆ గర్వం చూసి నా కళ్ళు చెమర్చాయని చెప్పడానికి సిగ్గుపడను. "ఆడవాళ్ళు సున్నితం, వాళ్ళకెందుకీ ప్రమాదాలు" అనేవాళ్ళ పక్షాన నేను ఒక్కక్షణం కూడా నిలబడను. మన మేలు కోరుతున్నామంటూ మనల్ని ఇంట్లో కూర్చోబెట్టినవాళ్ళు చాలామందే ఉన్నారు.

కానీ లోపలికి రానిచ్చిన తర్వాత మనకి ఇచ్చిందేమిటి? డబ్బులో సమానత్వం ఇవ్వలేదు. 2020లో మొదటి శ్రేణి స్త్రీల జట్లకి మొట్టమొదటిసారి కనీస వేతనం పెట్టినప్పుడు అది ఏడాదికి 15,000 యూరోలు. అప్పటికి మొదటి శ్రేణి మగవాళ్ళ కనీస వేతనం 40,000 పైచిలుకు. తర్వాత ఆడవాళ్ళ వేతనం పెరిగిన మాట నిజమే. అట్టడుగు శ్రేణి స్త్రీల జట్లలో మాత్రం కనీస వేతనమన్న నిబంధనే లేదు. 2022 టూర్ విజేతకి మగవాడైతే 5,00,000 యూరోలు, ఆడదైతే 50,000. ఆ ఏడాది మగవాళ్ళది 21 రోజులు, ఆడవాళ్ళది 8 రోజులు అంటారు. ఎనిమిది రోజులే పెట్టింది ఎవరు?

ప్రమాదంలో మాత్రం పూర్తి సమానత్వం ఇచ్చారు. 2024 ఆగస్టు 15, స్త్రీల టూర్ ఐదో దశ, ఆమ్నెవిల్ పట్టణంలో ముగింపు. పసుపు జెర్సీలో ఉన్న డెమి వోలెరింగ్ ముగింపుకి దాదాపు ఆరు కిలోమీటర్ల ముందు గుంపులో పడిపోయింది. పందెం నియమాల్లో ఒక గీత ఉంది. చివరి మూడు కిలోమీటర్లలో పడితే పోయిన సమయాన్ని లెక్కవేయరు. అంతకు ముందు పడితే నీ ఖర్మ. ఆమె లేచి, దెబ్బలతోనే తొక్కి, నిమిషంన్నరకి పైగా పోగొట్టుకుంది. మూడు రోజుల తర్వాత ఆల్ప్ దుయెజ్ కొండమీద పందెం ఆమే గెలిచినా, మొత్తం టూర్‌ని నాలుగే నాలుగు సెకన్ల తేడాతో కాషా నీవియదోమాకి వదులుకుంది. మగవాళ్ళదీ ఆడవాళ్ళదీ కలిపి టూర్ చరిత్రలోనే అంత తక్కువ తేడా లేదు. ఇందులో నీవియదోమా తప్పేమీ లేదు, ఆమె న్యాయంగానే గెలిచింది. నేను అడిగేదల్లా, మనిషి ఒంటికి రక్షణ మూడో కిలోమీటరు దగ్గరే ఎందుకు మొదలవుతుంది? గుంపులో తొక్కిడి అంతకు ఎంతో ముందే మొదలవుతుందని తొక్కేవాళ్ళందరికీ తెలుసు. వాళ్ళు చెప్పిన చోట ఆ గీత గీయడానికి ఎవరి అభ్యంతరం?

అభ్యంతరం తెరది. 2020 నుంచి మొదటి శ్రేణి స్త్రీల పందాలు కనీసం 45 నిమిషాలు ప్రత్యక్ష ప్రసారం కావాలని నియమం పెట్టారు. అది మన విజయమే. కానీ ఆ 45 నిమిషాలు ఏవి? ఆఖరివి. గంటల తరబడి ముందుండి గాలిని చీల్చినవాళ్ళు, వెనక కారు దగ్గరికి వెళ్ళి జట్టుకంతటికీ నీళ్ళసీసాలు మోసుకొచ్చినవాళ్ళు, చక్రం పాడైన సహచరి కోసం ఆగి తన చక్రం ఇచ్చినవాళ్ళు, వాళ్ళెవరూ ప్రేక్షకులకి కనబడరు. ఇలాంటి పనివాళ్ళని ఫ్రెంచిలో 'దొమెస్తీక్' అంటారు. అంటే ఇంటి పనివాళ్ళు! మగవాళ్ళ లోకం కూడా కనబడని చాకిరీకి పేరు పెట్టాల్సి వచ్చినప్పుడు మన ఇళ్ళలోంచే మాట తీసుకెళ్ళింది. కనబడేదానికే విలువ, చివరి నిమిషానిదే అమ్మకం అయినప్పుడు, ఆ చివరి నిమిషాన్ని ఇంకా వేగంగా, ఇంకా భయంకరంగా చేయాలన్న ఒత్తిడి రాకుండా ఎలా ఉంటుంది?

కెమెరా ఎవరి కోసం పనిచేస్తుందో తెలుసుకోవాలంటే మరొక సంఘటన చూడాలి. అది స్ప్రింట్‌లో జరిగింది కాదు. 2024 సెప్టెంబరు 26న స్విట్జర్లాండ్‌లోని జూరిక్‌లో ప్రపంచ ఛాంపియన్‌షిప్ జూనియర్ బాలికల పందెం. వాన పడుతోంది. పద్ధెనిమిదేళ్ళ మ్యూరియెల్ ఫరర్ అడవి దారిలో పడిపోయింది. చాలాసేపటి దాకా ఆ సంగతి ఎవరికీ తెలియలేదు. మర్నాడు ఆమె చనిపోయింది. ముగింపు గీత దగ్గర పడితే పది కెమెరాలు పది వైపుల నుంచి చూపిస్తాయి. అడవిలో పడితే చూసే కన్నే లేదు. కెమెరా ఉన్నది పడినవాళ్ళ కోసం కాదు.

పడ్డాక ఎవరు లేపుతారు?

ఈ చర్చలో ఎక్కడా రాని ఇంకో సంగతి ఉంది. పడినవాళ్ళు ఎప్పుడు కోలుకున్నారో, ఎప్పుడు మళ్ళీ గెలిచారో పత్రికలు రాస్తాయి. యాకబ్సన్ 2021 ఏప్రిల్‌లో మళ్ళీ పోటీలోకి వచ్చి, ఆ ఏడాదే స్పెయిన్‌లోని వూల్టా పోటీలో మూడు రోజులు గెలిచాడు. గొప్ప సంగతే. కానీ పళ్ళు లేని నోటికి అన్నం మెత్తగా చేసి పెట్టేది ఎవరు? అర్ధరాత్రి ఉలిక్కిపడి లేచే మనిషి పక్కన కూర్చునేది ఎవరు? తల్లులు, భార్యలు, అక్కచెల్లెళ్ళు, వాళ్ళూ లేకపోతే నర్సులు. ఈ పందాల ఖర్చు లెక్కల్లో ఆ పని ఏ పద్దు కిందా రాదు. ఆ ఖర్చు నిర్వాహకుల నెత్తిన పడితే వాలులో ముగింపు గీత గీయడానికి వాళ్ళు ఒకటికి పదిసార్లు ఆలోచిస్తారు.

ఆడవాళ్ళకి ఈ లోకం ఇంతకాలం ఇచ్చిన స్థానం కూడా గుర్తుచేసుకోవాలి. 2020 దాకా టూర్ ద ఫ్రాన్స్‌లో స్ప్రింట్ గెలిచినవాడికి రెండు వైపులా ఇద్దరు అమ్మాయిల్ని నిలబెట్టి ముద్దులు పెట్టించేవాళ్ళు. 2013లో సగాన్ అలా ముద్దుపెడుతున్న అమ్మాయిని కెమెరాల ముందే గిల్లి, తర్వాత క్షమాపణ చెప్పాడు. గ్రూనెవేగన్‌ని జైల్లో పెట్టమన్న లెఫెవెరే, 2021లో తన జట్టు వదిలి పాత జట్టుకి తిరిగి వెళుతున్న స్ప్రింటర్ సామ్ బెనెట్‌ని, భర్త కొడుతున్నా ఇంటికి తిరిగి వెళ్ళే ఆడవాళ్ళతో పోల్చాడు. పనివాడు యజమానిని మార్చుకుంటే ఎద్దేవా చేయడానికి దెబ్బలు తిన్న ఆడది ఉపమానంగా పనికొచ్చింది! శరీరాన్ని సరుకుగా చూసే చూపు ఒకటే. అది ముద్దు పెట్టే అమ్మాయినీ, పడిపోయే అబ్బాయినీ ఒకే తక్కెడలో తూస్తుంది.

"వాళ్ళంతట వాళ్ళే ఎంచుకున్న వృత్తి కదా" అంటారు కొందరు. ఎంచుకున్నారు, నిజమే. బీడీలు చుట్టడం కూడా ఎంచుకున్నదే, గార్మెంట్ ఫ్యాక్టరీలో పన్నెండు గంటలు కుట్టడం కూడా ఎంచుకున్నదే. పని ఎంచుకున్నవాళ్ళు అందులో ఉన్న ప్రతి అపాయానికీ సంతకం పెట్టినట్టు ఏ న్యాయశాస్త్రం ఒప్పుకుంటుంది? "ప్రమాదం లేకపోతే అందం లేదు" అనేవాళ్ళూ ఉన్నారు. కార్పెంటర్ చక్రం తేడాతో గెలిచిన ఆ క్షణంలో అందం ఉన్నది కాళ్ళలో, ఊపిరిలో, లెక్కలో. విరిగిన దవడలో అందం ఉందనేవాళ్ళతో నాకు వాదన లేదు.

యు.సి.ఐ. ఏమీ చేయడం లేదని కూడా అనను. 2024 ఆగస్టులో ప్రయోగంగా, 2025 జనవరి నుంచి పూర్తిగా పసుపు కార్డుల పద్ధతి తెచ్చింది. ఒకే పోటీలో రెండు కార్డులు వస్తే బయటికి పంపి ఏడు రోజులు నిషేధిస్తారు. మూడు కిలోమీటర్ల నియమాన్ని కొన్ని ముగింపుల్లో ఐదు దాకా పెంచే వెసులుబాటు ఇచ్చింది. ఈ రెండోది మంచి అడుగు. సైకిలిస్టులు అడిగీ అడిగీ సాధించుకున్నది. మొదటిదాని గురించే నా అనుమానం. కార్డు చూపేది తొక్కేవాళ్ళకీ, వెంట కార్లూ మోటారు సైకిళ్ళూ నడిపేవాళ్ళకీ. రోడ్డుకి పసుపు కార్డు ఎవరు చూపిస్తారు?

అందుకని ఆ స్త్రీలు, మగవాళ్ళు అడుగుతున్నవాటికి మన గొంతు కలపాలి. ముగింపు వాలులో ఉండకూడదు. ఆఖరి కిలోమీటర్లలో రోడ్డు వెడల్పుకీ మలుపులకీ కచ్చితమైన కొలతలుండాలి, అవి పాటించని నిర్వాహకులకి అనుమతి రద్దు కావాలి. పందెం ముందు రోజే రోడ్డు చూసి "ఇక్కడ తొక్కం" అనే హక్కు సైకిలిస్టుల సంఘాలకి ఉండాలి, ఆ మాట అన్నందుకు ఎవరి జీతమూ పోకూడదు. 2017లో స్త్రీలు తమకంటూ 'సైక్లిస్ట్స్ అలయన్స్' అనే సంఘం పెట్టుకున్నారు. ఆ సంఘంతో సమాన స్థాయిలో కూర్చుని మాట్లాడాలి. పడిన ప్రతి సంఘటన మీదా రోడ్డు గురించి, బారికేడ్ల గురించి విచారణ జరిపి, ఆ నివేదికని బయటపెట్టాలి. చిన్న పందెమైనా, ఆడపిల్లల పందెమైనా, పడిన మనిషిని వెంటనే కనిపెట్టే ఏర్పాటు లేకుండా మొదలుపెట్టకూడదు.

ఇవేవీ వేగాన్ని తగ్గించమనే కోరికలు కావు. వేగం మనదీ. గెలవాలన్న ఆశ మనదీ. గీత దగ్గర చేతులెత్తి నిలబడే హక్కు మనదీ. కానీ మగవాళ్ళ ఒళ్ళు విరిచే రోడ్డు మీద మన ఒళ్ళు కూడా విరుచుకోవడమే సమానత్వం అని ఎవరైనా చెబితే, ఆ సమానత్వం మాకొద్దు, ముందు రోడ్డు మార్చండి అనాలి. రోడ్డు మారితే ఆడవాళ్ళతో పాటు మగవాళ్ళూ బతుకుతారు. స్త్రీవాదం మగవాళ్ళకి వ్యతిరేకం అనేవాళ్ళకి ఇంతకంటే జవాబు లేదు.

'పడ్డవాళ్ళు చెడ్డవాళ్ళు కారు' అని మన పెద్దవాళ్ళు అంటారు. ఓర్చుకున్నవాళ్ళని ఓదార్చడానికి వాడే మాట అది. ఓదార్పు చాలు. పడ్డవాళ్ళు చెడ్డవాళ్ళు కాకపోతే మరి చెడ్డది ఎక్కడుందో వెతకాలి.

ఇది రాయడం అయ్యాక మా మేనకోడలికి చదివి వినిపించాను. అంతా విని, కొంచెంసేపు ఆగి, "అయితే అత్తా, ఇకనుంచి వీడియో చూసేటప్పుడు ముందు రోడ్డు చూస్తాను" అంది.

ముందు రోడ్డు చూద్దాం.